రాయి పలికింది... పేరు మాత్రం ఆలస్యమైంది

మొన్న ఓ ఆదివారం మధ్యాహ్నం. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, చేతులు కడుక్కుని అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. మా చెల్లెలి కూతురు. బెంగళూరులో పిహెచ్.డి. చేస్తోంది. పెద్దమ్మా అని పిలిచి ఆగిపోయింది. ఆ ఆగడంలోనే తెలిసిపోయింది, పిల్ల ఏడుస్తోందని.

సంగతేమిటంటే... సెమీకండక్టర్ పదార్థాలను పలచటి పొరలుగా వేసి, వాటిలో కరెంటు ఎలా పోతోందో కొలవడం దాని పని. రెండేళ్లు రాత్రనక పగలనక కూర్చుని కొలతలు తీసింది. వాటితో పేపరు అచ్చయింది. తీరా చూస్తే అందులో దాని పేరు నాలుగోది! పైగా ఎక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా ఎన్ని పేపర్లు, వాటికి ఎన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎంత... ఇవే ప్రశ్నలట. ఇదంతా వదిలేసి ఇంటికొచ్చేస్తాను, బి.ఇడి. చేసుకుని ఏదో బళ్లో పాఠాలు చెప్పుకుంటాను అంది.

నేను ముప్పయ్యేళ్లు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. పాఠాలు చెప్పుకోవడం చిన్నపనని నేననను. కానీ ఇష్టంతో రావడం వేరు, ఓడిపోయాననుకుని రావడం వేరు కదా! ఊరుకోవే అనడం తేలికే. ఊరుకోబెట్టే మాటేదీ? ఆలోచిస్తుంటే ఒకాయన గుర్తొచ్చారు. ఆయన వెనకే ముగ్గురు ఆడవాళ్లూ గుర్తొచ్చారు. ఆ పూట దానికి గంటసేపు చెప్పిన కథే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మేనత్త పేరు చెప్పాలిగా!

ముందు ఈ సైటేషన్ గొడవేమిటో చూద్దాం. చారుపొడి బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, ఇది మా మేనత్త చెప్పిన కొలతండీ అంటాం. సైన్సులోనూ అంతే. ఒకరి పని ఆధారంగా మరొకరు రాసేటప్పుడు, ఫలానావారి ఫలానా పేపరు నుంచి ఇది తీసుకున్నానని పేరు పెట్టి చెప్పాలి. అదే సైటేషన్. ఎంత ఎక్కువమంది అలా పేరు చెప్పుకుంటే ఆ పేపరు అంత పనికొచ్చిందని లెక్క. అమెరికాలో 1964 నుంచి వీటిని పోగుచేసి పెద్ద సూచికలుగా అచ్చువేయడం మొదలైంది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త మరో లెక్క చెప్పారు. ఒకరు రాసిన పేపర్లలో ఐదింటికి, ఒక్కోదానికి కనీసం ఐదేసి సైటేషన్లు వచ్చి ఉంటే వారి హెచ్-ఇండెక్స్ ఐదు. పదింటికి పదేసి వస్తే పది. మా పిల్లది మూడు. దాని బాధంతా ఆ మూడు గురించే.

లెక్క మంచిదే. కాదనను. కానీ మేనత్త పేరు చెప్పడం మరిచిపోతేనో? పొడి రుచి పొడికే ఉంటుంది, మేనత్త ఖాతాలో మాత్రం సున్నా పడుతుంది. సర్ జగదీశ్ చంద్ర బోస్ విషయంలో కొంతవరకూ జరిగింది అదే.

మొక్కలాయన అనుకుంటాం గానీ...

బోస్ అనగానే మనకు గుర్తొచ్చేది మొక్కలు. తాకితే మొక్క ఎలా స్పందిస్తుందో, ఎంత ఎదుగుతోందో కొలిచి చూపినాయన అని చిన్నప్పుడే చదువుకున్నాం. నేనూ అంతవరకే ఎరుగుదును. డిగ్రీ పిల్లలకు ఏటా డయోడ్, ట్రాన్సిస్టర్ అని బోర్డు మీద బొమ్మలు గీసినదాన్నే. ఆ పాఠం మొదట్లో ఈయన పేరు ఉండాలని ఉద్యోగంలో చేరిన చాలాకాలానికి గానీ నాకు తెలియలేదు.

ఆయన 1858 నవంబరు 30న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. అయినా కొడుకును ఇంగ్లీషు బడికి పంపకుండా ముందు ఊళ్లో బెంగాలీ బడిలో వేశారు. జాలర్ల పిల్లలు, ఇంట్లో పనిచేసేవాళ్ల పిల్లలతో కలిసి ఆ బల్లల మీదే కూర్చున్నాడు పిల్లవాడు. తరవాత కలకత్తా చదువు. సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ లఫాఁ చేసి చూపించే ప్రయోగాలతో ఫిజిక్సు మీద మోజు పుట్టింది.

డిగ్రీ అయ్యాక ఇంగ్లండు వెళ్లాలి. తండ్రి అప్పటికే అప్పుల్లో ఉన్నారు. అప్పుడు తల్లి బామసుందరి తన నగలు అమ్మడానికైనా సిద్ధమన్నారు. సముద్రం దాటి వెళ్తే కులం నుంచి వెలేసే రోజులవి! 1880లో వైద్యం చదవాలని లండన్ చేరారు. కానీ ఒంట్లో జ్వరం తగ్గలేదు. శవాలను కోసే గదిలోని వాసన పడక అది మరింత ముదిరింది. వైద్యం మాని కేంబ్రిడ్జిలో సైన్సు చదివారు. అక్కడ ఆయన గురువు లార్డ్ రేలీ.

ఇక్కడో చిత్రం చెప్పాలి. సరిగ్గా అదే కాలంలో కలకత్తా నుంచి మరొకరూ వైద్యం చదవాలని బయల్దేరారు. ఆమె పేరు అబలా దాస్. కలకత్తా వైద్య కళాశాలలో అప్పుడు ఆడపిల్లలకు ప్రవేశం లేదు. మన మద్రాసులో 1875 నుంచే ఉంది. అందుకని 1882లో ఆ పిల్ల ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుని మద్రాసు వచ్చింది. ఊరు కాని ఊరు, భాష కాని భాష. ఆమె చదువూ అనారోగ్యం వల్లే మధ్యలో ఆగిపోయింది. వైద్యం పూర్తిచేయలేని ఆ ఇద్దరికీ 1887లో పెళ్లయింది.

జీతం లేని సంసారం

బోస్ 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేరారు. అక్కడ ఇంగ్లీషువాడికి మూడు రూపాయలిస్తే భారతీయుడికి రెండిచ్చేవారు. ఈయనది తాత్కాలిక ఉద్యోగం కాబట్టి అందులోనూ సగమే, అంటే ఒక్క రూపాయే. మనమైతే ఏం చేస్తాం? గొణుక్కుంటూ సంతకం పెట్టి తీసుకుంటాం. ఆయన అసలు జీతమే ముట్టుకోలేదు. క్లాసులు మాత్రం ఒక్కరోజూ మానలేదు. ఇలా మూడేళ్లు!

ఇంటికి కొత్త కోడలు వచ్చింది ఆ మూడేళ్ల మధ్యలోనే. కలకత్తాలో అద్దెలు భరించలేక హుగ్లీ నది ఆవలి ఒడ్డున చందర్‌నగర్‌లో కాపురం పెట్టారు. పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ చిన్న పడవలో నది దాటేవారు. ఆయన రైలెక్కి కాలేజీకి వెళితే ఆమె పడవ నడుపుకుంటూ ఇల్లు చేరేది. వైద్యం చదువుదామని మద్రాసు దాకా వచ్చిన పిల్ల చేతుల్లో తెడ్డు! ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. చివరికి కాలేజీ దిగొచ్చింది. పూర్తి జీతం, అదీ చేరిన రోజు నుంచి లెక్కగట్టి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకు వెళ్లింది.

రైల్వే గైడుతో పరిశోధన

కాలేజీలో పరిశోధనకంటూ వసతి లేదు. ఆయనకు దొరికింది 24 చదరపు అడుగుల గది. అంటే మన పూజగది అంత అనుకోండి. తగరపు పనివాడిని ఒకణ్ని పెట్టుకుని పరికరాలు తానే చేయించుకున్నారు. జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త అప్పటికే కంటికి కనపడని విద్యుత్ తరంగాలను పుట్టించి చూపారు. రేడియో తరంగాలంటే అవే. బోస్ వాటిని బాగా పొట్టివిగా, 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించారు. తరంగం పొట్టిదైతే పరికరమూ చిన్నదవుతుంది, బల్ల మీద పెట్టుకుని కాంతితో చేసే ప్రయోగాలన్నీ దాంతోనూ చేయొచ్చు.

ఖరీదైన సామానెక్కడిది? తరంగాలను ఒకే దిశలో కంపించేవాటిగా వడకట్టడానికి మెలితిప్పిన జనపనార వాడారు. రైల్వే టైంటేబుల్ పుస్తకం తీసుకుని పేజీకీ పేజీకీ మధ్య తగరపు రేకు పెట్టి దాంతోనూ అదే పని చేయించారు. పాత చీరతో దిండు గలీబులు కుట్టుకునే మనకు ఈ తెలివి విలువ తెలుస్తుంది!

1895లో కలకత్తా టౌన్‌హాల్లో పెద్దల సమక్షంలో చేసి చూపారు. తీగ లేదు, తాడు లేదు. తరంగాలు గోడలు దాటి వెళ్లి అవతల గదిలో గంట మోగించాయి, తుపాకీమందు పేల్చాయి. ఆ ఏడాదే మే నెలలో తొలి పేపరు కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. తరవాతి పేపరును గురువు రేలీ లండన్‌లోని రాయల్ సొసైటీకి అందజేశారు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసానికి పిలిచారు. ముప్పై ఏడో ఏట మొదలుపెట్టిన పనికి రెండేళ్లలో వచ్చిన పేరు ఇది.

మధ్యలో సరదాలూ ఉన్నాయండోయ్. 1896లో ఒక తలనూనె కంపెనీ కథల పోటీ పెడితే ఈయన బెంగాలీలో ఓ కథ రాసి పంపారు. ఓడను ముంచేయబోయే తుపానును ఒక్క సీసా తలనూనె పోసి చల్లార్చే కథ. బహుమతి కొట్టేశారు!

సుర్మా రాయి చేసిన మాయ

ఇక అసలు కథకొద్దాం. తరంగం వచ్చిందని తెలియాలంటే దాన్ని పట్టే పరికరం కావాలి. అప్పట్లో లోహపు పొడి నింపిన గొట్టాలు వాడేవారు. తరంగం తగిలితే పొడి అతుక్కుంటుంది. మళ్లీ పనిచేయాలంటే గొట్టాన్ని తట్టాలి. జల్లెడ తట్టినట్టు ప్రతిసారీ తడుతూ కూర్చోవడమే. బోస్ ఈ తట్టుడు లేకుండా తనంతట తాను సర్దుకునే పరికరాలు వెతికారు. పాదరసంతో చేసినదాన్ని గురించి 1899లో రాయల్ సొసైటీకి రాశారు. ఎన్నో లోహాలు, ఎన్నో ఖనిజాలు ఒక్కొక్కటిగా పరీక్షించారు.

అలా చేతికి వచ్చిందే గెలీనా. సీసం, గంధకం కలిసిన ఖనిజం. మనకు కొత్తదేమీ కాదు. కళ్లకు పెట్టుకునే సుర్మా చాలావరకూ దీని పొడే. (సీసం విషం కాబట్టి పసిపిల్లల కళ్లకు పెట్టొద్దని డాక్టర్లు చెబుతారు, మరవకండి.) మా వినుకొండ పక్కన అగ్నిగుండాల, బండలమొట్టు గనుల్లో తవ్వింది ఈ ఖనిజాన్నే. నల్లగా, తళతళా మెరుస్తూ, విరిస్తే పాచికల్లా చదరంగా విరుగుతుంది.

దీని గుణమేమిటంటే... రాగితీగలో కరెంటును రెండింతలు నెడితే రెండింతలు పోతుంది. పింగాణీలో ఎంత నెట్టినా పోదు. గెలీనా ఈ రెంటికీ చెందదు. కొంతవరకూ మొరాయించి, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా పోనిస్తుంది. ఇలా అటూ ఇటూ కాని పదార్థాన్నే ఇవాళ సెమీకండక్టర్ అంటున్నాం. ఇలాంటి ఖనిజాల్లో కరెంటు ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా పోతుందని జర్మనీలో బ్రౌన్ 1874లోనే గమనించారు. నూతి మోటారుకు ఫుట్‌వాల్వు ఉంటుందే, నీటిని పైకి పోనిచ్చి కిందికి జారనివ్వకుండా, అలాగన్నమాట. కానీ ఈ గుణంతో గాలిలో వచ్చే తరంగాన్ని పట్టవచ్చని చేసి చూపింది బోస్. ఆయన గెలీనా పరికరం రేడియో తరంగాలకే కాదు, వెలుతురుకూ స్పందించింది. అందుకే దాన్ని ఒక కృత్రిమమైన కన్నుగా పోల్చి చెప్పారు. కాటుక రాయి కన్నయిందన్నమాట!

అక్కగారి పట్టుదల

1901 మేలో లండన్‌లో మరో ఉపన్యాసం ఉంది. దానికి ముందు ఒక వైర్‌లెస్ కంపెనీ యజమాని పేటెంటు కాగితాలు పట్టుకుని మరీ వచ్చాడు. వివరాలు బయటపెట్టకండి, పేటెంటు తీద్దాం, లాభంలో వాటా ఇస్తానన్నాడు. బోస్ ఒప్పుకోలేదు. జ్ఞానం అమ్ముకునే సరుకు కాదని ఆయన నమ్మకం. సభలో అంతా విప్పి చెప్పేశారు.

ఆ నమ్మకం గొప్పదే. కానీ దగ్గరివాళ్లకు దిగులు పట్టుకుంది. వాళ్లిద్దరూ ఆడవాళ్లే. ఒకరు సిస్టర్ నివేదిత. ఐర్లండులో మార్గరెట్ నోబుల్‌గా పుట్టి, వివేకానందుని శిష్యురాలై 1898లో కలకత్తా వచ్చి, ఆడపిల్లలకు బడి పెట్టిన ఆవిడ. రెండో ఆవిడ సారా బుల్. నార్వే వయొలిన్ విద్వాంసుడు ఓలే బుల్ భార్య, అమెరికావాసి. అప్పటికి భర్త పోయారు. ఈమె కూడా వివేకానందుని శిష్యురాలే.

సారా బుల్ పట్టుబట్టారు. పరాయి పాలనలో ఉన్న దేశస్థుడి పని మీద పేరు లేకపోతే రేపు ఎవరైనా తమదంటారని ఆమె భయం. ఆమె పూనుకోబట్టే 1901 సెప్టెంబరు 30న అమెరికాలో బోస్ పేరున దరఖాస్తు పడింది. 1904 మార్చి 29న పేటెంటు వచ్చింది. నంబరు 755840. అందులో సగం వాటా సారా చాప్‌మన్ బుల్ పేరున రాసి ఉంది. సెమీకండక్టర్ పరికరానికి ప్రపంచంలో వచ్చిన తొలి పేటెంటు ఇదేనని చరిత్ర రాసేవాళ్లు చెబుతారు.

పేటెంటు వచ్చింది గానీ బోస్ దాన్ని వాడుకోలేదు. ఒక్క రూపాయి సంపాదించలేదు. గడువు తీరి మురిగిపోయింది.

ఎందుకు పక్కకు జరిగారు?

ఈపాటికి ఆయన మనసు మరో దారి పట్టింది. ఎడతెరిపి లేకుండా వాడితే తన పరికరాలు అలసిపోయినట్టు మందగించడం, విశ్రాంతి ఇస్తే కోలుకోవడం గమనించారు. లోహానికీ, కండరానికీ, మొక్కకూ ఈ స్పందన ఒకేలా ఉందే అనిపించింది. అటు నడిచారు. శరీరధర్మశాస్త్రం చదివిన పెద్దలకు ఇది మింగుడుపడలేదు. ఫిజిక్సువాడికి మా ఇంట్లో పనేమిటన్నట్టు అడ్డుపడ్డారు. 1901లో రాయల్ సొసైటీలో చదివిన పేపరు అచ్చుకు నోచుకోకుండా బీరువాలోకి వెళ్లింది. ఆయన అప్పుడు చెప్పినవన్నీ నేటి సైన్సు ఒప్పుకోదు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు నడుస్తాయన్నది మాత్రం నిలబడింది.

పేపరు అచ్చు కాకపోతే ఏం చేయాలి? పుస్తకమే వేయాలి! ఇక్కడ నివేదిత కలం పట్టుకున్నారు. 1902లో వచ్చిన మొదటి పుస్తకం మొదలు మొక్కల మీద వచ్చిన పెద్ద పుస్తకాల దాకా రోజూ గంటలకొద్దీ కూర్చుని రాతప్రతులు దిద్దారు, ఇంగ్లీషు సరిచేశారు. 1900 చివర్లో లండన్‌లో బోస్‌కు ఆపరేషన్ అయితే కోలుకోవడానికి తన తల్లి ఇంట్లో చోటిచ్చారు. ఆ పుస్తకాల ముఖపత్రం మీద మాత్రం ఆమె పేరు కనపడదు.

బోస్ వదిలిన రాయిని తరవాతివాళ్లు అందుకున్నారు. 1906లో అమెరికాలో పికార్డ్ సిలికాన్ ముక్కతో పరికరం చేసి పేటెంటు తీశారు. 1920ల నాటికి గెలీనా ముక్క, దాని మీద సన్నని తీగ పెట్టి కరెంటు అక్కర్లేని రేడియోలు ఇంటింటా వచ్చాయి. 1909లో వైర్‌లెస్‌కు నోబెల్ బహుమతి మార్కోనీ, బ్రౌన్ పంచుకున్నారు. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. ఇన్నేళ్లలో సెమీకండక్టర్ల వాళ్లు బోస్ పేరు తలచింది బహు తక్కువ.

ఆలస్యంగా వచ్చిన సైటేషన్లు

ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకరైన బ్రాటైన్, తన సహచరుడు పియర్సన్‌తో కలిసి 1955లో సెమీకండక్టర్ల చరిత్ర రాశారు. రేడియో తరంగాలను పట్టడానికి స్ఫటికాన్ని మొదట వాడింది బోస్ అని అందులో స్పష్టంగా పేరు పెట్టి చెప్పారు. పేటెంటు వచ్చిన 51 ఏళ్లకు! ఆ మరుసటి ఏడే బ్రాటైన్‌కు నోబెల్ వచ్చింది.

1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ సముద్రం ఆవలి నుంచి సంకేతం అందుకున్నారు కదా, అప్పుడు వాడిన పాదరసం పరికరం మూలం 1899 నాటి బోస్ పేపరేనని 1998లో అమెరికా ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. పత్రికలో ఓ పరిశోధకుడు ఆధారాలతో రాశారు. ఈ మధ్యలో 97 ఏళ్లు గడిచాయి. ఆ సంస్థే 2012లో బోస్ మిల్లీమీటరు తరంగాల ప్రయోగాలను చరిత్రాత్మక మైలురాయిగా గుర్తించింది. ఆయన మాత్రం 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. 1917లో సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయన చూసినవే. ఇవి చూడలేదు.

లెక్కలోకి రాని ముగ్గురు

బోస్‌కు ఆలస్యంగానైనా సైటేషన్ దొరికింది. మరి ఆ ముగ్గురికో?

సారా బుల్ 1911 జనవరిలో పోయారు. అదే ఏడు అక్టోబరు 13న డార్జిలింగ్‌లో, బోస్ దంపతుల దగ్గర, నివేదిత కన్నుమూశారు. 44 ఏళ్లు నిండలేదు. దగ్గరుండి సేవ చేసింది అబలాదేవే. 1917 నవంబరు 30న, తన 59వ పుట్టినరోజున, బోస్ కలకత్తాలో పరిశోధనాలయం ప్రారంభించారు. ఇక్కడ కనిపెట్టినవి అందరి సొత్తు, వాటికి పేటెంట్లు ఉండవని ప్రకటించారు. ఆ ప్రాంగణంలో దీపం పట్టుకుని నడుస్తున్న స్త్రీ శిల్పం ఒకటుంది. అది నివేదిత జ్ఞాపకం. పుస్తకం మీద రాని పేరు ఇలా రాతిలోకి వచ్చింది. పేరుగా కాదు, బొమ్మగా.

అబలాదేవి ఊరుకోలేదు. డాక్టరు కాలేకపోయినా ఎందరినో చదివించింది. 1919లో నారీ శిక్షా సమితి స్థాపించి, బెంగాల్ పల్లెల్లో ఆడపిల్లలకు బళ్లు పెట్టింది. వితంతువులకు విద్యాసాగర్ వాణీ భవన్ పెట్టి టీచర్లుగా తయారుచేసింది. భర్త పోయాక పెద్దవయసు స్త్రీల చదువు కోసం ఒక నిధి ఏర్పాటుచేసి దానికి తన పేరు కాదు, నివేదిత పేరు పెట్టింది. చూశారా, మేనత్త పేరు చెప్పడమంటే అదీ! 1951లో ఆమె వెళ్లిపోయింది. ఆమె పేరున ఎన్ని సైటేషన్లని ఏ సూచికలో వెతుకుతాం?

పేరు అడగడం తప్పు కాదు

ఇంత చెప్పి మా పిల్లకు రెండు ముక్కలు చెప్పాను. ఒకటి, సైటేషన్లు లేవని పని విలువ లేనిది కాదు. గెలీనా రాయి ఎవరు తలచినా తలవకపోయినా పనిచేస్తూనే ఉంది. రెండోది, అలాగని పేరు వదులుకోకు. బోస్ వదులుకోబోతే సారా బుల్ పట్టుబట్టింది. నీ తరఫున పట్టుబట్టడానికి ఏ అక్కగారూ లేకపోతే నువ్వే అడుగు. కొలతల పుస్తకం తీసి, తేదీలు చూపించి మర్యాదగా అడుగు. పేరు అడగడం గర్వం కాదు.

అప్పుడది నన్నో ప్రశ్న వేసింది. నువ్వెప్పుడైనా అడిగావా పెద్దమ్మా అని.

ఏం చెప్పను? మావారి థీసిస్ మొత్తం మూడుసార్లు టైపు కొట్టింది నేను. పట్టికల్లో కూడికలు తప్పితే సరిచేసింది నేను. రెండు గ్రాఫులు పూర్తిగా నావే. చివర్లో కృతజ్ఞతల పేజీలో భార్య సహనానికి అని ఒక్క ముక్క. అందులో నా పేరు కూడా లేదు. ముప్పై అయిదేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఆ మాటే దానితో అన్నాను. హాల్లో పేపరు చదువుకుంటున్న మావారికి వినపడిందనుకుంటాను, పేపరు తిప్పడం ఆగిపోయింది.

పిల్ల ఇంటికి రాలేదు. వాళ్ల గైడుకు ఉత్తరం రాసి పంపింది. జవాబింకా రాలేదు. రాబోయే పేపరు రాతప్రతి నాకు చూపించింది. కృతజ్ఞతల్లో యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ పేరు, రాత్రుళ్లు ల్యాబు తలుపు తెరిచే వాచ్‌మన్ పేరు రాసుకుంది. ఇంటిపేర్లతో సహా.

ఇక్కడ మావారు నిన్న కాఫీ తాగుతూ థీసిస్ ఎక్కడుందని అడిగారు. అటక మీద, ఇత్తడి గంగాళం వెనక అన్నాను. ఎక్కి తీద్దామంటే ఆయనకు మోకాళ్ల నొప్పులు, నాకేమో ఆవకాయ పనులు. చూద్దాం... ఎవరు ముందు ఎక్కుతామో!

మీ ఇంట్లో కూడా ఏదో ఒక అటక మీద, ఎవరో ఒకరి పేరు రాయని కాగితాలు ఉండే ఉంటాయి. ఒక్కసారి దులిపి చూడండి.